కొండలకు వీపు పెట్టి

ట్రావెల్స్‌ల గైడు పనికి కొత్తగ చేరే పిల్లలకు ముందుగాల ఒక మాట. మైకు చేతికి రాంగనే మనం చెప్పేదే లోకమనిపిస్తది. నాక్కూడ అనిపించింది, ఏండ్లకేండ్లు. అది ఉత్తదని నాకు తెలిపింది దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక చీరల దుకాణమామె. నోటితోని చెప్పలే. నా నోరు మూపిచ్చి తెలిపింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటినంక. అంతకుముందు బస్సు బోర్డు మీద ఏం రాసున్నదో తెల్వకపోయేది, పక్కోణ్ని అడిగి ఎక్కెటోణ్ని. అందుకని ఈ రాతల తప్పులుంటే దిద్దుకొని చదువుండ్రి. నవ్వినా నాకేం ఫరక్ పడది. నేను మీ ముంగట లేను గద.

మా ఆఫీసు ఒక కోచింగ్ సెంటరు మెట్ల కింద ఉండె. ఓనరు కోస్తా దిక్కు నుంచొచ్చినాయన. మంచోడే, కని బోర్డుల పిచ్చి. నేను మొదలు ఆయన దగ్గర టూరు బస్సుల వంటగిన్నెలు కడిగే పనికి చేరిన. వెనుక సీటుల గిన్నెల నడుమ కూసొని, అప్పటి గైడు చెప్పేది వినీ వినీ నాకు మొత్తం కంఠతా వచ్చింది. ఆయన కొత్తపేటల కర్రీ పాయింటు పెట్టుకుంటనని పోయినంక మైకు నాకిచ్చిండ్రు.

మా టూరు శ్రీశైలానిది. సాగర్ దాక బస్సు. ఆడికెళ్లి కృష్ణల లాంచి, రెండు దిక్కుల నల్లమల కొండలు, పొద్దుగూకే యాళ్లకు శ్రీశైలం. బస్సు రోడ్డు మీద చుట్టు తిరిగి ఆడికొస్తది, మర్నాడు అందరిని ఎక్కించుకొని వాపసు.

నా పాఠంతోని ఒక తక్లీఫ్ ఉండె. మొదటికెళ్లి ఎత్తుకుంటేనే వచ్చేది. నడుమ ఎవరన్న "ఈ కొండ పేరేంది?" అన్నరా, తాడు తెగినట్టే. మల్ల "ప్రియమైన ప్రయాణికులకు నమస్కారం" కాడికెళ్లి షురూ. ఒకసారి ఓనరు బస్సుల ఉండి విన్నడు. దిగినంక పక్కకు పిలిచి, "ఏంటయ్యా, అన్నిసార్లు నమస్కారం పెడతావు? వీళ్ళ దగ్గరేమన్నా అప్పు చేశావా?" అన్నడు.

ఆయనకొక నియమం ఉండె: గైడు ప్యాసింజర్లకు వీపు చూపించొద్దు. బస్సుల అద్దానికి వీపు పెట్టి, జనం దిక్కు తిరిగి నిలబడాలె. లాంచిల గూడ అంతే. "నా వెనుకాల కనిపించునవి నల్లమల కొండలు" అని చెయ్యి వెనుకకు ఊపుతుంటి. అవి ఉన్నయో లేవో నేనెన్నడు తిరిగి చూడలే. జనం అటు చూస్తుండ్రి గనక ఉన్నయనుకుంటి.

తెలంగాణ కొట్లాట నడిచిన రోజులు. ఇయ్యాల రాస్తారోకో, రేపు వంటావార్పు, ఎల్లుండి బంద్. ఎల్బీనగర్ చౌరస్తా మీద గాడిపొయ్యి తవ్వి అన్నం వండేటోళ్లు. నేను గూడ ఆడ రెండు మూడుసార్లు తిన్న, పప్పు మంచిగ కుదిరేది. మనసు అటు దిక్కు, కడుపు ట్రావెల్స్ దిక్కు. టూర్లు వరుసగ క్యాన్సిల్ అవుతుండె.

అట్లాంటప్పుడు రెండు దినాల బంద్ పిలిచిండ్రు. ముందునాడు సాయంత్రం ఓనరు నన్ను పిలిచిండు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"రేపు టూరు ఉందయ్యా."

"రేపు బంద్ గద సార్."

"ఆ సంగతి నాకు తెలీదా? ఒకావిడ బుక్ చేసుకుంది. ఒక్కతే. క్యాన్సిల్ అంటే ఒప్పుకోవట్లేదు. అదిగో, అది చూపించి నిలదీసింది."

'అది' అంటే ఆఫీసు అద్దం. పక్క వీధి ట్రావెల్సోని మీద పంతానికి ఆయననే రాయించిండు, ఎర్రరంగుల: 'ఒక్కరు ఉన్ననూ టూరు ఆగదు.'

"మీరే గద సార్ రాయించిండ్రు."

"ఒక్కరు వస్తారని రాయించానా? ఎవరూ ఒక్కరు రారు కదా అని రాయించాను!"

తెల్లారంగ మినీబస్సు తీసుకొని బయలెల్లినం. డ్రైవరు అబ్దుల్లాపూర్‌మెట్ నుంచొచ్చేటోడు, నోరు తెరిస్తే వంకర మాట. దిల్‌సుఖ్‌నగర్‌ల ఆమె ఎక్కింది. యాభై దగ్గరపడ్డ మనిషి. నేత చీర, చేతిల చిన్న సంచి. మొదటి వరుసల కిటికీ పక్కన కూసున్నది.

బంద్ నాడు టూర్లోళ్లకు ఒక ఉపాయం ఉంటది. బంద్ చేయించే పిలగాళ్లు చాయ్ తాగి చౌరస్తాకు రాకముందే ఎల్బీనగర్ దాటిపోవాలె. దాటితే సాగర్ దాక తొవ్వ సాఫ్. ఈ సంగతి నాకు తెలుసు. కని టూరు అంటే పద్ధతి గద. కొత్తపేటల ఆగాలె, ఎల్బీనగర్‌ల ఆగాలె, ప్రతి పికప్పు పాయింటుల దిగి "శ్రీశైలం, శ్రీశైలం" అని పిలువాలె. కొత్తపేటల దిగి పిలిచిన. కుక్క ఒకటి వచ్చింది.

"టికెట్టున్నదేమో అడుగు" అన్నడు డ్రైవరు.

బస్సు కదిలినంక మైకు పట్టుకున్న. "ప్రియమైన ప్రయాణికులకు నమస్కారం. ఇప్పుడు ఒక్కొక్కరుగ లేచి తమ పరిచయం చేసుకోవలెను."

ఆమె వెనుకకు తిరిగి ఖాళీ సీట్లను చూసింది. నా దిక్కు చూసింది. "ఎవలకు తమ్మీ?"

"ఒకరికొకరు తెల్వాలె గదమ్మా."

"నాకు నేను ఎరుకే."

పరిచయాలైనంక తంబోలా ఆడిపిచ్చుడు మా రివాజు. నంబర్లు పిలుస్తం, ముందుగాల అన్ని కొట్టేసినోళ్లకు ఓనరు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా ప్రైజు. చీటి ఆమె చేతిల పెట్టిన.

"నేను ఆడను."

"మీరు ఆడకపోతె ప్రైజు ఎవలకియ్యాలమ్మా?"

"నాకియ్యి" అన్నడు డ్రైవరు. "మా ఇంట్ల కారంపొడికి డబ్బా లేదు."

ఆమె చీటిని మడిచి, ఎండ పడకుంట కిటికీ సందుల పెట్టింది. నేను నంబర్లు పిలుస్తనే ఉన్న. పని పని గద. ఎల్బీనగర్‌ల గూడ దిగి పిలిచి ఎక్కిన. ఆ ఆలస్యం సరిపోయింది. సాగర్ రింగురోడ్డు కాడికి వచ్చేసరికి పిలగాళ్లు చాయ్ తాగుడు అయిపోయింది.

రోడ్డుకు అడ్డం టైర్లు, జెండాలు. ఒకడు వచ్చి బానెట్ మీద చరిచిండు. చదువుకునే పోరడే, మెడల కండువా.

"ఏడికి పోతున్నవన్నా? బందని తెల్వదా?"

"నేను పోతలేను బిడ్డా, ఈమె పోతున్నది" అన్నడు డ్రైవరు. బస్సు నడిపేది తను కానట్టు.

పోరడు బస్సులకు ఎక్కిండు. ఒక్క మనిషి, ఒక్క గైడు, చేతిల మైకు. వానికి సమజ్ కాలే.

"ఏందమ్మా ఇది?"

"బంద్ పిలిచింది మీరే గద?" అన్నదామె.

"అవ్, మేమే."

"అన్ని బంద్ చేయమన్నరు. దుకాణం బంద్ చేసినం. మల్ల ఇంట్ల కూసుంటె పొద్దుగాల టిఫిను, పగలు వంట, బంద్ అని అందరు ఇంట్లనే ఉంటరు గనక రెండింతల చాయ్. నాకు బంద్ ఏడున్నది? ఇన్నేండ్లల ఆదివారం గూడ దుకాణం మూయలే. నువ్వు పిలిచినవు గనకనే నాకు రెండు దినాలు దొరికినయి. నేను బంద్‌ల ఉన్న బిడ్డా. నువ్వు బస్సు వెనుకకు మలిపితే నా బంద్ చెడగొట్టినట్టు."

పోరడు కిందికి చూసి, "అన్నా, జర నువ్వు రారాదె" అని పెద్దమనిషిని పిలిచిండు. ఆయన వచ్చి మొత్తం విని, "మా ఇంట్ల చెప్పకుమ్మా ఈ మాట" అన్నడు. టైరు పక్కకు జరిపించి, మా అద్దం మీద సున్నంతోని జై తెలంగాణ రాసి పంపిచ్చిండ్రు.

ఇబ్రహీంపట్నం దాటినంక ఆమె తనంతట తానే చెప్పింది. పుట్టింది పోచంపల్లి దిక్కు, మగ్గాల ఇంట్ల. పెండ్లైనంక దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల దుకాణం. గల్లపెట్టె కాడ పెనిమిటి, రాకుల కాడ ఈమె. చీరలు విప్పుడు, మడత పెట్టుడు, విప్పుడు, మడత పెట్టుడు. "ఎన్నడన్న యాడికన్న పోయిన్నంటే నలుగురితోని, నలుగురి కోసం పోయిన. ఒక్కదాన్నే పోయి, ఎవ్వలు మాట్లాడని జాగల జరసేపు కూసోవాలె. ఇంట్ల చెప్తే నవ్వుతరు. వనస్థలిపురం చెల్లెలింటికని చెప్పి వచ్చిన. చెల్లెకు చెప్పి పెట్టిన. ఇది ఎవలకన్న తెలిసిందా, ఇగ జనమంత ముచ్చటే."

నాకు సమజైంది అనుకున్న. కాలే. సమజై ఉంటె ఆ తర్వాత చేసిన పని చేయకపోదును.

సాగర్‌ల లాంచి స్టేషను కాడికి పోతే సరంగు చాప మీద పండుకొని ఉన్నడు. పడవ నడిపేది ఆయననే. "నలభై మంది లేంది లాంచి కదలది. ఒక్కామె కోసం ఇంత పడవ ఎట్ల తీస్త?" అన్నడు. ఆమె పోయి గట్టు మీద కూసొని నీళ్ల దిక్కు చూసుకుంట ఉన్నది. ఆ ఏడు నీళ్లు నిండుగ ఉండె. నేను ఆమె దిక్కు చూసిన, ఖాళీ లాంచి దిక్కు చూసిన. టూరు ఆగదని రాసినం. ఆగనియ్యొద్దు. జనాన్ని కూడవెట్టుడు తప్ప నాకు వేరే పని రాదు. కూడవెడదామని బయలెల్లిన.

హిల్ కాలనీ మలుపు కాడ ఒక పెండ్లి బస్సు ఆగి ఉన్నది. సరూర్‌నగర్ కాడ కాలనీల ఉండే కోస్తా కుటుంబం. పెండ్లి శ్రీశైలంల, సత్రంల, ఆ సాయంత్రమే ముహూర్తం. వంతెన కాడ బంద్ వాళ్లు ఆపిండ్రు. పెండ్లికొడుకు బాసికం కట్టుకొనే బస్సు నీడన కూసున్నడు. పెండ్లికొడుకు పెదనాన్న మా బస్సు అద్దం మీది సున్నం చూసి రెండడుగులు వెనుకకు వేసిండు.

"మేమూ బందుకి మద్దతేనండీ" అన్నడు, నేను ఏం అడగకముందే. "పెళ్ళొక్కటీ వాయిదా పడదండీ."

"నేను ఆపనీకి రాలే సార్, తోల్కపోనీకి వచ్చిన. బంద్ బండ్లకు గాని పడవకు లేదు. లాంచిల పోతే పొద్దుగూకకముందే శ్రీశైలం. మీ బస్సు సాయంత్రం ఇడిచిపెడితే మా బస్సెంబడి వస్తది."

పెదనాన్న నా చేతులు రెండు పట్టుకున్నడు. "మీరు మనిషి కాదు బాబూ!"

అట్ల యాభై మంది, వాళ్లల్ల సన్నాయి మేళం, ఇద్దరు డోలు వాళ్లు, వీడియో తీసే పిల్లోడు, లడ్డూల గంపలు. లాంచి నిండింది. సరంగు చాప చుట్టిండు. నేను గెలిచినోని లెక్క ఆమె దిక్కు చూసిన. పడవ ముంగట మూలకు కూసున్న ఆమె కండ్లు మూసుకొని ఉన్నది. పక్కననే డోలు.

డ్యాము వెనుకకు పోయింది. మొదలు సముద్రమోలె వెడల్పు నీళ్లు. తర్వాత రెండు దిక్కుల గుట్టలు దగ్గరికి రాబట్టె. ఇదంత ఆనాడు నేను చూడలే, తర్వాత చూసి చెప్తున్న. నేను జనం దిక్కు తిరిగి నిలబడి "ప్రియమైన ప్రయాణికులకు" అని అందుకున్న. డోలు వాళ్లు అందుకున్నరు. పెండ్లోళ్ల ఆడపిల్లలు లేచి చప్పట్లు అందుకున్నరు. "బాబూ, ఎడం పక్క తెలంగాణానా, కుడి పక్కా?" అని పెదనాన్న అడిగిండు. నేను మల్ల నమస్కారం కాడికెళ్లి షురూ చేసిన.

పెండ్లికొడుకు తల్లి వచ్చి ఆమె పక్కన కూసున్నది. ఆమె కొంగు మొహం మీదికి లాక్కున్నది.

"ఏవండీ, మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

"నా మొహం అందరి మొహమే. యాడన్న ఉంటది."

తల్లి లేచి పోయినంక ఆమె నన్ను సైగ చేసి పిలిచింది. "తమ్మీ, ఆమె కట్టుకున్న చీర మా దుకాణందే. అంచు రంగు పోతది, నీళ్లల్ల జాడియ్యకుమని చెప్పి మరీ ఇచ్చిన. వందల కిలోమీటర్లు గాదు, లోకం చివరికి పోయినా ఆ దుకాణం నా వెనుక వస్తదా ఏంది?" కొంగు ఇంకింత కిందికి గుంజుకున్నది. "ఒక్క గడియ ఎవ్వలు మాట్లాడని జాగ కావాలని నీకు చెప్పిన గద. పడవ కదలాలని నువ్వు ఏకంగ పెండ్లినే తెస్తివి. నీకు పుణ్యముంటది, నువ్వన్న జర నోరు మూయి."

ఇన్నేండ్ల నౌకరిల ఎవ్వలు నన్ను నోరు మూయమనలే. పడుకున్నరు, తిన్నరు, పేకాడిండ్రు, కని మూయమనలే. నాకు కోపం రావాలె. ఎందుకో రాలే. వెనుకాల డోలు మోగుతనే ఉన్నది. కొండలు దగ్గరికొస్తున్నయని సరంగు చెప్పిండు. ఇగ అదే గొంతు తీరుగ ఉండే జాగ, నది సన్నగయ్యే జాగ. ఆమె దాని కోసమే వచ్చింది.

నేను మైకు తీసుకున్న. కంఠతా వచ్చిన పాఠంల లేని మాట మొదటిసారి చెప్పిన.

"పెండ్లోళ్లకు గమనిక. ముంగట వచ్చేది తేనెటీగల కొండ. డోలు దెబ్బకు ఈగలు లేస్తయి. లేసినయంటే నీళ్లల్ల దుంకినా ఇడువయి. ఇట్లనే ఒకపారి ఒక పెండ్లి పడవ పోయింది. పెండ్లికొడుకు మొహం వాచి, పెండ్లిపిల్ల పీటల మీద గుర్తుపట్టలే."

డోలు ఆగింది. సన్నాయి ఆయన ఊదే పీక ఊడదీసి సంచిల పెట్టుకున్నడు. పెండ్లికొడుకు కండువా తల మీదికి తీసుకున్నడు.

"నిజమేనా అండీ?" పెదనాన్న గుసగుసగ అడిగిండు. "తర్వాత పెళ్ళి జరిగిందా?"

"ష్" అన్న.

పడవల యాభై మంది ఊపిరి బిగబట్టిండ్రు. చంటిపిల్ల ఒకతి ఏడ్వబోతే నోట్ల లడ్డూ పెట్టిండ్రు. సరంగు నా దిక్కు వింతగ చూసి ఇంజను తగ్గించిండు. నేను ఇగ మాట్లాడే పని లేదు గనక ఏం చేయాలె? చేతులు యాడ పెట్టుకోవాలె? జనం నా దిక్కు చూస్తలేరు, నా వెనుకకు చూస్తుండ్రు. నేను గూడ తిరిగిన.

అయ్యలారా, అవి ఉన్నయి.

నిట్టనిలువు రాళ్లు నీళ్లల్లకెళ్లి లేసినయి. పొర మీద పొర, ఎర్రది, బూడిదది, పచ్చది, మడత పెట్టి పేర్చినట్టు. సందుల్లకెళ్లి చెట్లు వంగి ఉన్నయి. నీళ్లు నల్లగ, కదలకుంట. మా ఇంజను సప్పుడు పోయి రాయికి తాకి మెల్లగ వాపసొస్తున్నది. ఇన్నేండ్లు వీటికి వీపు పెట్టి, చెయ్యి ఊపి, "నా వెనుకాల" అన్నది నేనేనా అని సిగ్గుపడ్డ.

సరంగు నా భుజం గోకిండు. గడ్డంతోని పైకి చూపిచ్చిండు.

రాయి చూరు కింద తేనెపట్లు. ఒకటి గాదు. బర్రెతోళ్లు ఆరేసినట్టు నల్లగ వరుసగ వేలాడుతున్నయి. వాటి మీద ఈగలు అలలోలె కదులుతున్నయి.

"ఎన్నడు చెప్పకపోతివి, ఇయ్యాల చెప్తివే?" అన్నడు సరంగు చెవిల.

చెప్పనీకి నాకు తెలిస్తే గద! నేను ఆడిన అబద్ధం నా నెత్తి మీద జుమ్మంటున్నది. ఇగ నా అంత నిశ్శబ్దంగ ఆ పడవల ఇంకొకరు లేరు.

అట్ల శానాసేపు పోయినం. వీడియో పిల్లోడు ఒక్కడు కెమెరా నలుదిక్కుల తిప్పుకుంట, దాని ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుండె. ఆమె మూలకు కూసొని మొహం మీది కొంగు తీసేసింది. చూస్తున్నది. మధ్యల ఒక్కసారే నా దిక్కు తిరిగి మెల్లగ అన్నది, "రాకుల చీరలు సర్దినట్టే ఉన్నది తమ్మీ. కని వీటిని ఎవ్వలు విప్పుమని అడగరు."

పొద్దుగూకకముందు లింగాలగట్టు చేరినం. పెండ్లోళ్లు నా కాళ్లు మొక్కినంత పని చేసి జీపులల్ల ఎక్కి పోయిండ్రు, ముహూర్తానికి అందుకున్నరు. మా బస్సు ఇంక రాలేదని మేము వేరే జీపుల ఘాటు ఎక్కినం. సల్లటి గాలి. తొవ్వల సాక్షి గణపతి గుడి వచ్చింది. నా నోరు ఊకోలే.

"అమ్మా, ఈడ ఆగి మొక్కాలె. మనం శ్రీశైలం వచ్చినట్టు ఈ దేవుడే పైన సాక్ష్యం చెప్తడు."

"ఆపకు."

"ఆగకుంటె వచ్చినట్టు లెక్కల పడదమ్మా."

"పడొద్దనే గద!" అన్నదామె. "జీపు తోలు బిడ్డా."

"దేవునికి భయపడ్తవా అమ్మా?"

"దేవునికి గాదు తమ్మీ. సాక్షికి."

గ్రూపు చెదరొద్దని మా ట్రావెల్స్ నియమం. ఆమె ఊరు తిరుగుతుంటే నేను వెనుకాల కొంచెం ఎడంగ నడిచిన. ఆమె ఒక్కతే గ్రూపు గద, చెదిరితే ఎట్ల? దర్శనం చేసుకున్నది. మిరపకాయ బజ్జీలు నిలబడి తిన్నది. కోతికి ఒకటిచ్చింది. నేతోళ్ల సత్రం ముంగటికి రాంగనే, ఎరికైనోళ్లు ఉంటరని, కొంగు కప్పుకొని దొంగోలె దాటింది. అడవి తేనె అమ్మే దుకాణంల చిన్న సీసా కొన్నది. ఇంటికి తీసుకపోతె అడుగుతరని అక్కడనే వేలితోని నాక్కుంట కూసున్నది, పాతాళగంగ మెట్ల మీద, పొద్దు పూర్తిగ పోయేదాక. మిగిలింది నాకిచ్చింది. నేను డ్రైవరుకియ్యలే. వానికి తంబోలా డబ్బా ఇచ్చిన.

మర్నాడు సాయంత్రం బంద్ అయిపోయినంక వనస్థలిపురంల చెల్లెలింటి గల్లీ మొదట్ల దింపినం. నాకు పరిచయం చేసుకోని ప్యాసింజరు ఆమె ఒక్కతే.

తెలంగాణ వచ్చింది. ఆ తర్వాత ఏడు మా ఆఫీసుకు ఒకాయన వచ్చి, దుకాణంల పనిచేసే పిల్లలందరిని శ్రీశైలం తోల్కపోవాలె అని మొత్తం బస్సు మాట్లాడుకున్నడు. సన్నగ, చేతులతోని గాలిల బట్ట కొలుస్తున్నట్టు మాట్లాడే మనిషి. టూరు పొద్దున ఆయన పక్కన కూసున్నది ఎవలంటే ఆమెనే. నన్ను చూసి మొహం అటు తిప్పుకున్నది. నేను గూడ తిప్పుకున్న. "ప్రియమైన ప్రయాణికులకు నమస్కారం" అన్న. పరిచయాలప్పుడు ఆమె లేచి, "శ్రీశైలం పోవుడు నేను మొదటిసారి" అన్నది. చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన.

లాంచిల నది సన్నగయ్యే గొంతు కాడికి రాంగనే నేను మైకు బంద్ చేసి, అటు తిరిగి నిలబడ్డ. అప్పటికి అది నాకు అలవాటైంది. ఓనరు తిట్టుడు మానుకున్నడు, నేను తిరుగుడు మానుకోలే.

"ఏందీ గైడు, మనకు వీపు పెట్టిండు?" అని ఆయన గట్టిగ అన్నడు.

"ఊకోండ్రి జర" అన్నదామె. "తేనెటీగలు లేస్తయి."

తేనెపట్లు ఇంకా రానేలేదు. మలుపు అవతల ఉన్నయి. ఆయన ఆమె దిక్కు చూసిండు. మలుపు తిరిగినంక పైన నల్లగ వేలాడుతున్నవాటిని చూసిండు, మల్ల ఆమెను చూసిండు. నోరు మూసుకొని కూసున్నడు.

లింగాలగట్టుల మల్ల బస్సెక్కి, పొద్దుగూకుతుంటే సాక్షి గణపతి కాడ ఆపిన. ఆమె తల వంచుకొని పర్సుల ఏందో దేవులాడబట్టింది. ఆయన లేచిండు.

"దిగు."

"కాళ్లు గుంజుతున్నయి. మీరు మొక్కి రాండ్రి."

"ఈసారన్న దిగు. పోయినసారి దిగి ఉండవు."

బస్సుల పిల్లలందరు ఇటు తిరిగిండ్రు.

"ఏ పోయినసారి?" అన్నదామె, సన్నగ.

"రెండు దినాల బంద్ నాడు. సరూర్‌నగర్‌ల కొడుకు పెండ్లి చేసినామె, చీర అంచు రంగు పోయిందని లొల్లి పెట్టనీకి దుకాణానికి వచ్చింది, నువ్వు రాకుల లేనప్పుడు. మొదలు మంచిగుండెనని సాక్ష్యానికి పెండ్లి సీడీ తెచ్చింది. ఏసి చూస్తే, చీర వెనుకాల పడవల నువ్వు కూసున్నవు."

"మరి అడగకపోతిరి?"

"ఏమని అడగాలె? అడిగితే చెల్లెలింటికని ఇంకొక అబద్ధం చెప్తవు." ఆయన సీటు రాడ్డు పట్టుకొని గీకుకుంట నిలబడ్డడు. "సీడీల నోరు మూసుకొని కూసున్నవు. మొహంల బేరం లేదు. నిన్నట్ల నేను ఎన్నడు చూడలే. మలిపి మలిపి చూసిన."

ఆమె పర్సు మూసి అడిగింది: "చీర వాపసు తీసుకున్నరా?"

"తీసుకోకుంట ఎట్ల? తీసుకుంటెనే సీడీ ఇస్తనన్నది."

ఆమె దిగి పోయి మొక్కింది. వచ్చి కూసున్నంక కిటికీల నుంచి నన్ను పిలిచి మెల్లగ అన్నది, "తెలంగాణ వచ్చింది, మంచిగైంది తమ్మీ. ఒక్కటే తక్లీఫ్. బంద్‌లు పోయినయి."

ఆయన విన్నట్టు లేకుండె. విన్నడు.

నేను పని మానుకొని శానా దినాలైంది. అయినా అప్పుడప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దిక్కు నడుస్త. ఈ ఏడు వానలు పడి సాగర్ నిండినంక ఒక పొద్దు పోతుంటే బజారంత కిటకిటలాడుతున్నది, ఆమె చీరల దుకాణం ఒక్కటే షట్టర్ కిందికి ఉన్నది. షట్టర్ మీద అట్టముక్క, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలల్ల 'బంద్'. ఇప్పుడు నాకు చదువొచ్చు గద, ఆగి చదివిన. ముంగట కుర్చీ వేసుకొని ఆయన ఒక్కడు చాయ్ తాగుతున్నడు.

పక్క దుకాణపాయన బయటికొచ్చి పరేషాన్‌గ అడిగిండు. "బంద్ ఏందన్నా? టీవీల ఏం చెప్పలేదే? ఎవలు పిలిచిండ్రు?"

ఆయన చాయ్ ఒక గుటక మింగిండు.

"మా ఇంటామె" అన్నడు.